ఇన్సులిన్ ఇంటికి చేరింది, ఇక ఫార్మసిస్టు చేరాలి

ఇన్సులిన్ పెన్నులో వేసే రీఫిల్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు ఉంటుంది. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే సీసాలో సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లే ఉంటుంది. ఎర్ర మూత సిరంజి మీది గీతలు ఆ 40 యూనిట్ల సీసాకు సరిపోయేలా గీసినవి. ఏ రాత్రి వేళో పెన్ను మొరాయిస్తే, ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజిని రీఫిల్‌లోకి గుచ్చి మందు లాగి వేసుకున్నారనుకోండి. సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 యూనిట్లు కాదు, 50. అంటే రెండున్నర రెట్లు. ఆ మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు.

ఈ ప్రమాదం గురించి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఎవరి దగ్గరున్నాయి? ఓపీలో వైద్యుడి గది ముందు వరస తరగదు. మందుల షాపులో చీటీ చూసి పెట్టె చేతికిచ్చేసరికి పని అయిపోతుంది. ఇక మిగిలేది ఆ ఇల్లు, ఆ మనిషి, చేతిలో పెన్ను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకు ఇన్సులిన్ చేరింది గానీ దాన్ని సరిగా వాడించే మనిషి చేరలేదు. ఆ మనిషి ఫార్మసిస్టే కావాలి. అతడో ఆమో రోగి ఇంటికే వెళ్లాలి. మధుమేహం మీద మనం పెడుతున్న ఖర్చుకు ఫలితం దక్కాలంటే ఇది తప్పని పని.

సమస్య ఎంత పెద్దదో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. వీరిలో అందరికీ ఇన్సులిన్ అక్కర్లేదు. కానీ జబ్బు పాతబడేకొద్దీ మాత్రలతో అదుపు తప్పి, సూది మందుకు మారాల్సినవారు పెరుగుతూనే ఉంటారు.

పొరపాటు జరిగేది ఇంట్లోనే

1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించారు. తొలి పెన్ను 1985లో వచ్చింది. సీసా, సిరంజి, గీతల లెక్క అనే తంటా లేకుండా, తిప్పి నొక్కితే చాలన్న సౌకర్యం తెచ్చింది పెన్ను. ఆ సౌకర్యం చూసి ఇందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదనుకుంటారు. చేసి చూస్తే తెలుస్తుంది ఎన్ని మెట్లున్నాయో.

ప్రతిసారీ కొత్త సూది బిగించాలి. ముందుగా రెండు యూనిట్లు గాలిలోకి వదిలి, సూది మొన మీద చుక్క కనిపించేదాకా చూడాలి. అప్పుడే లోపలి గాలి పోయి లెక్క సరిగా ఉంటుంది. పాలలా తెల్లగా ఉండే 30/70 మిశ్రమమైతే పెన్నును అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి మందు కలిసేలా చూడాలి. కలపకుండా వేసుకుంటే ఒకరోజు మందు ఎక్కువ, మరొక రోజు తక్కువ. బొత్తాం పూర్తిగా నొక్కాక పది అంకెలు లెక్కబెట్టి అప్పుడు సూది తీయాలి. తొందరపడితే మందు చర్మం మీదే కారిపోతుంది. వేసుకున్నాక సూది విప్పేయాలి. సూది బిగించి ఉంచితే రీఫిల్‌లోకి గాలి పోతుంది, మందు కారుతుంది. ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు, సూది మార్చినా సరే. రీఫిల్‌లోకి వెనక్కి చేరిన రక్తపు జాడ జబ్బులు అంటించగలదు. భార్యాభర్తలిద్దరికీ సుగరు ఉన్న ఇళ్లలో ఈ మాట చెప్పేవారు లేకపోతే ఒక్క పెన్నే ఇద్దరికీ తిరుగుతుంది.

ఇంకొకటి గడ్డలు. రోజూ నొప్పి తెలియని ఒకే చోట గుచ్చుకుంటే చర్మం కింద కొవ్వు గట్టిపడి ఉబ్బుతుంది. ఆ చోట నొప్పి తక్కువ కాబట్టి మనిషి మళ్లీ అక్కడే గుచ్చుకుంటాడు. అక్కడ వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు. సుగరు తగ్గలేదని వైద్యుడు మోతాదు పెంచుతాడు. స్పెయిన్‌లో జరిపి 2013లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇన్సులిన్ తీసుకునేవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఈ గడ్డలు కనిపించాయి. వీటిని కనిపెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. పొట్ట మీద వేళ్లతో నెమ్మదిగా తడిమితే చాలు. అయితే కనిపెట్టాక జాగ్రత్త కావాలి. గడ్డ మానేసి మంచి చర్మంలో వేసుకోవడం మొదలుపెట్టిన రోజే మందు పూర్తిగా పట్టి సుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే వైద్యుడితో మాట్లాడి మోతాదు తగ్గించుకుని మారాలి. ఈ సంగతి ఏ పెట్టె మీదా రాసి ఉండదు. ఎదుట కూర్చుని చెప్పాల్సిందే.

ఉద్దానంలో లెక్క వేరు

ఈ రెండు జిల్లాల్లో ఇంటి సేవ ఎందుకు మరింత అవసరమో చెప్పడానికి ఉద్దానం ఒక్కటి చాలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ జబ్బు జనాన్ని పీడిస్తోంది. అక్కడి కిడ్నీ జబ్బుకు మధుమేహమే కారణమని చెప్పలేం. చాలామందికి సుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. కానీ మధుమేహం ఉండి, ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి కిడ్నీ కూడా దెబ్బతింటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది.

బయటినుంచి ఎక్కించిన ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించడంలో పెద్ద పని కిడ్నీలదే. అవి నీరసించేకొద్దీ మందు ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తుంది. నిరుడు సరిపోయిన మోతాదే ఈ ఏడు ఎక్కువైపోతుంది. ఇక్కడ ఒక విషాదం దాగి ఉంటుంది. సుగరు తగ్గుతోందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, పథ్యం ఫలించిందనుకుంటారు. లోపల జరుగుతున్నది కిడ్నీ పతనం. పైగా కిడ్నీ జబ్బుతో రక్తహీనత వస్తే, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా నమ్మదగింది కాకుండా పోతుంది. కిడ్నీ వడపోత బాగా పడిపోయినవారు సుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర మానేయాలి. మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు ఉన్న కిడ్నీనీ దెబ్బతీస్తాయి. ఇవన్నీ ఒకే ఇంట్లో, ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉంటాయి. ఆ సంచి విప్పి ఒక్కొక్కటీ చూసే మనిషి కావాలి. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చారు. అవి చేయాల్సిన పనులే. ఆసుపత్రి గడప తొక్కకముందే మనిషిని కాపాడే పని మాత్రం మిగిలే ఉంది.

అక్షరం, తుపాను, అంబలి

2011 జనగణన నాటికి శ్రీకాకుళంలో అక్షరాస్యత 62 శాతం దాటలేదు, విజయనగరంలో 59 శాతం దాటలేదు. ఇన్సులిన్ తీసుకునేవారిలో పెద్ద వయసువారే ఎక్కువ గనుక వారిలో చదువు ఇంకా తక్కువ. పెన్ను కిటికీలో అంకె సన్నగా ఉంటుంది. మధుమేహం కంటిని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ఆ అంకె కనిపించని చూపే చాలామందిది. పెట్టెలోని కాగితం ఏ భాషలో ఉన్నా వారికి ఒకటే. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవర మాట్లాడేవారికీ, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవారికీ వారి భాషలోనే చెప్పాలి.

ఈ ప్రాంతం వలసల ప్రాంతం. పిల్లలు విశాఖ, హైదరాబాద్, చెన్నై, గుజరాత్ తీరం దాకా పనులకు పోతారు. ఇంట్లో ముసలి దంపతులు మిగులుతారు. సుగరు పడిపోయి మాట తడబడుతుంటే గుర్తుపట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించేవారు పక్కన ఉండాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ పరీక్షించాలి. 70 కంటే కిందికి పడితే జాగ్రత్తపడాలనీ, స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చేయాలనీ పక్కింటివారికైనా తెలిసి ఉండాలి. ఈ పాఠం ఆసుపత్రిలో రోగికి చెబితే చాలదు. స్పృహ తప్పేది రోగే కదా. చుట్టూ ఉన్నవారికి చెప్పాలంటే ఇంటికి వెళ్లక తప్పదు.

తిండి సంగతీ అంతే. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికో జీడి తోటకో పోయి మిట్టమధ్యాహ్నం దాకా ఒళ్లొంచి పనిచేసే మనిషికీ, కుర్చీలో కూర్చునే మనిషికీ ఒకే మోతాదు పనికిరాదు. కార్తీక సోమవారం నక్షత్రం కనిపించేదాకా ఉపవాసం ఉండే ఇల్లాలు, మాల వేసుకుని మధ్యాహ్న భిక్ష, రాత్రి అల్పాహారంతో 41 రోజులు గడిపే స్వామి, రంజాన్ ఉపవాసాలు పాటించే ముస్లిం పెద్దాయన పొద్దుటి ఇన్సులిన్ విషయంలో ముందే వైద్యుణ్ని అడగాలి. చాలామంది అడగరు. అడిగితే ఉపవాసం వద్దంటారని భయం. ఇంటికొచ్చే మనిషి వారి గడపలో కూర్చుని 'ఈ నెలలో ఉపవాసాలున్నాయా?' అని తానే అడిగితే దాపరికం ఉండదు.

మందు నిల్వ ఇంకో సమస్య. తెరవని రీఫిల్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. వాడకంలో ఉన్నది 30 డిగ్రీల లోపు నీడపట్టున ఉంచి, చాలా రకాలను నాలుగు వారాల్లో వాడేయాలి. చల్లగా ఉండాలన్నారని ఫ్రిజ్‌లో గడ్డకట్టే అర పక్కన పెడితే మందు చెడిపోతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. ఇక తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు పల్లెలకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ పారేయాలా, వాడాలా? జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి కెన్యాలోని శరణార్థుల శిబిరపు వేడిని ఆధారం చేసుకుని పరీక్షించాయి. 25 నుంచి 37 డిగ్రీల మధ్య పెరుగుతూ తగ్గుతూ ఉండే వేడిలో నాలుగు వారాలున్నా ఇన్సులిన్ పనితనం చెడలేదని 2021లో ప్రకటించాయి. అంటే తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టిన మందు తుపాను రోజుల్లో ఆదుకుంటుంది. ఇది తెలియక మందు పారేసి, కొత్తది దొరక్క మానేసేవారికి జరిగే హాని వేడి చేసే హాని కంటే పెద్దది. తుపాను కాలం మొదలయ్యేలోపు ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి.

ఫార్మసిస్టే ఎందుకు?

చీటీ మీది మందు ఇవ్వగల అధికారం నమోదైన ఫార్మసిస్టుకే ఉందని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఒక అడుగు ముందుకేసి, రోగికి మందు వాడకం గురించి వివరించడం ఫార్మసిస్టు విధి అన్నాయి. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ చదువు ఈ పనికే పుట్టింది. ఐదేళ్ల చదువు, ఏడాది ఆసుపత్రి శిక్షణ. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో, విజయనగరం ఫూల్‌బాగ్‌లో ఫార్మసీ కళాశాలలున్నాయి. రణస్థలం మండలం పైడిభీమవరంలో దేశదేశాలకు మందులు పంపే పెద్ద కర్మాగారాలున్నాయి. మందు తయారుచేసే నేల ఇది. మందు గురించి చదివిన పిల్లలు ఈ నేలలోనే ఉన్నారు. వారికి కర్మాగారంలోనో మందుల కంపెనీ ప్రతినిధిగానో పని దొరుకుతుంది గానీ, రోగి ఎదుట కూర్చునే పని దొరకదు. చాలా షాపుల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది, మనిషి కౌంటరు దగ్గర ఉండడు. చట్టం రాసిన విధి అలా కాగితం మీదే మిగిలిపోయింది.

ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, పల్లె ఆరోగ్య కేంద్రంలోని ఆరోగ్యాధికారిణి ఉన్నారు కదా అని అడగవచ్చు. గర్భిణులు, టీకాలు, బీపీ, సుగరు పరీక్షలు, ఆన్‌లైన్ నమోదులు అన్నీ వారి మీదే ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరు ఇన్సులిన్ వాడుతున్నారో వారికే తెలుసు కనుక వారు లేకుండా ఈ సేవ సాగదు. కానీ ఒకే మందు రెండు పేర్లతో రెండు పెట్టెల్లో ఉందని కనిపెట్టడం, ఇన్సులిన్‌తో పాటు సుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర కూడా వేసుకుంటున్న ముసలాయనకు సుగరు పడే ముప్పు ఎంతో తూచడం, బీపీకి వాడే కొన్ని మాత్రలు ఆ ముప్పు లక్షణాలను కప్పేస్తాయని గుర్తించడం మందుల శాస్త్రం చదివినవారి పని.

ఇన్సులిన్ కంపెనీలు కొన్ని తమ మందు కొన్నవారి దగ్గరికి శిక్షకులను పంపుతున్నాయి. ఆ సాయం కాదనలేం. అయితే ఆ కంపెనీ మందు ఆగితే ఆ మనిషి రావడమూ ఆగుతుంది. 2025లో నోవో నార్డిస్క్ మన దేశంలో హ్యూమన్ ఇన్సులిన్ పెన్ను రీఫిళ్లను నిలిపివేయనుందని వార్తలు వచ్చాయి, సీసాలు మాత్రం కొనసాగుతాయన్నారు. ఏళ్ల తరబడి పెన్నుకు అలవాటుపడినవారు సీసాకు మారితే, మొదట చెప్పుకున్న 40, 100 గందరగోళం మళ్లీ మొదటికొస్తుంది. సిరంజి రంగు, గీత, సీసా మీది అంకె సరిచూసుకోవడం ఇంట్లో కూర్చోబెట్టి నేర్పాలి.

ఇతరులు చేసి చూశారు

ఆస్ట్రేలియా 2001 నుంచి ఇంటి మందుల సమీక్ష అనే పథకాన్ని నడుపుతోంది. వైద్యుడు రాసిస్తే శిక్షణ పొందిన ఫార్మసిస్టు రోగి ఇంటికి వెళ్లి అల్మారాలోని మందులన్నీ చూసి, వైద్యుడికి నివేదిక ఇస్తాడు. అందుకు ప్రభుత్వం రుసుము చెల్లిస్తుంది. అమెరికాలోని ఆష్‌విల్ నగరపాలక సంస్థ 1990ల చివర్లో మధుమేహం ఉన్న తన ఉద్యోగుల్ని ఫార్మసిస్టులకు అప్పగించింది. వాళ్లు క్రమం తప్పకుండా కలిసి మాట్లాడటంతో సుగరు అదుపులోకి వచ్చింది, సెలవులు తగ్గాయి. మందుల ఖర్చు పెరిగినా మొత్తం వైద్య ఖర్చు తగ్గిందని 2003లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. కేరళలో 2008 నుంచి ప్రభుత్వ విధానంగా స్థానిక సంస్థలే మంచాన పడినవారి ఇళ్లకు ఉపశమన వైద్య బృందాలను పంపుతున్నాయి.

మనకూ ఇంటి గడప కొత్త కాదు. నెల మొదటి రోజున పింఛను సొమ్ము సచివాలయ ఉద్యోగి చేతిమీదుగా ఇంటికే వస్తోంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో వైద్యుడు 104 వాహనంలో పల్లెకే వెళ్లాడు. ఈ బాటలోనే ఫార్మసిస్టును నడిపించవచ్చు.

ఎలా మొదలుపెట్టాలి?

ఇన్సులిన్ వాడే ప్రతి ఇంటికీ ఒకేసారి వెళ్లలేం. ముందు ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో వారి దగ్గరికి వెళ్లాలి. కొత్తగా పెన్ను మొదలుపెట్టినవారు, మందో మోతాదో మారినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, సుగరు పడిపోయి ఆసుపత్రిలో చేరివచ్చినవారు, ఒంటరి వృద్ధులు, ఇన్సులిన్ మీదున్న పిల్లలు, గర్భిణులు మొదటి వరసలో ఉండాలి. మొదటి వారంలో ఒకసారి, నెల తిరిగాక ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి వెళితే చాలు. మధ్యలో ఫోన్ మాట. వెళ్లినప్పుడు ఉపన్యాసం వద్దు. 'మీరు రోజూ ఎలా వేసుకుంటారో అలాగే వేసుకోండి, చూస్తాను' అనాలి. తప్పు కంటబడేది అప్పుడే. మహిళల పొట్ట తడిమి చూడాలంటే మహిళా ఫార్మసిస్టు ఉండాలి, లేదంటే ఆశా తోడుండాలి. వాడిన సూదులు చెత్తలో పడకుండా గట్టి డబ్బాలో పోగుచేసి ఆరోగ్య కేంద్రానికి చేర్చే ఏర్పాటు ఉండాలి.

కొన్ని హద్దులు మొదటే గీయాలి. మోతాదు మార్చే అధికారం వైద్యుడిదే. ఫార్మసిస్టు చూసింది ఒక్క పేజీలో రాసి అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి పంపాలి. వైద్యుడు దానికి బదులివ్వాలి. ఇలా చేస్తే వైద్యులు తమ అధికారం పోతుందని భయపడాల్సిన పని ఉండదు, తమ కన్ను చేరని చోట తమకొక కన్ను దొరికిందనుకుంటారు. ఇంటికి వెళ్లే ఫార్మసిస్టుకు ప్రతి సందర్శనకూ ప్రభుత్వమే రుసుము ఇవ్వాలి. అతడు ఏ మందూ అమ్మకూడదు, ఏ షాపుకూ పంపకూడదు. అమ్మకంతో సంబంధం ఉన్న సలహాను జనం నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.

ఉద్దానంలో ఒక మండలం, విజయనగరం మైదానంలో ఒక మండలం, ఏజెన్సీలో ఒక మండలం తీసుకుని ఏడాది పాటు చేసి చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలు పర్యవేక్షించాలి. ఫార్మసీ కళాశాలల చివరి ఏడాది విద్యార్థులను అధ్యాపకుల వెంట పంపాలి. సుగరు పడిపోయి 108 ఎక్కినవారు ఎందరు, పొట్ట మీద గడ్డలు ఎందరికి తగ్గాయి, ఎందరు సరిగా వేసుకోగలుగుతున్నారు, హెచ్‌బీఏ1సీ ఎంత మారింది అనే లెక్కలు మొదటి రోజు నుంచీ రాయాలి. ఫలితం బాగుంటే విస్తరించాలి, బాగోలేకపోతే ఎక్కడ తప్పిందో చూసి సరిదిద్దాలి.

ప్రభుత్వం ఇన్సులిన్ కొంటుంది, వైద్యుడు రాస్తాడు, రోగి గుచ్చుకుంటాడు. ఆ చివరి పని తప్పితే ముందు చేసినవన్నీ వృథా అవుతాయి. ఆ పనికి తోడు నిలవాల్సిన ఫార్మసిస్టు ఈ జిల్లాల్లోనే చదువుతున్నాడు. అతణ్ని నియమించి, రుసుమిచ్చి, పల్లె దారి పట్టించడం ఆరోగ్యశాఖ చేతిలో ఉంది. వచ్చే తుపాను కాలానికి ముందే మూడు మండలాల్లో అయినా ఆ పని మొదలవ్వాలి.